తీశావా లేదా అని అడిగే ముందు

2023 జనవరి 23న అమెరికాలోని సియాటిల్ నగరంలో రోడ్డు దాటుతున్న ఒక తెలుగమ్మాయిని పోలీసు కారు గుద్ది చంపింది. ఆమె పేరు కందుల జాహ్నవి. వయసు 23 ఏళ్ళు. చదువు కోసం అక్కడికి వెళ్ళింది. సొంతవూరు ఆదోని. గంటకు 25 మైళ్ళకు మించి పోకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ళ వేగం దాకా అందుకుంది. తర్వాత ఆ సంగతి ఫోనులో మాట్లాడుతూ మరో పోలీసు అధికారి నవ్వాడు. ఆమె విలువ అంతంతమాత్రమేననీ, పదకొండు వేల డాలర్ల చెక్కు రాసిస్తే సరిపోతుందనీ అన్నాడు. అతని ఒంటి మీదున్న కెమేరాలో ఆ మాటలు రికార్డయ్యాయి. 2023 సెప్టెంబరులో అవి బయటికొచ్చాయి. 2024 జూలైలో అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు.

మాది మహానంది. 2022 ఏప్రిల్లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా ఆదోనీ మేమూ ఒకే కర్నూలు జిల్లా. ఆ మాటలు బయటికొచ్చిన వారం మా ఊళ్ళో పేపరు చదివే ప్రతివాళ్ళూ రగిలిపోయారు. మా పొదుపు సంఘం మీటింగులో అప్పుల లెక్కలు పక్కనపెట్టి ఆడవాళ్ళు ఆ పిల్ల గురించే మాట్లాడారు. “కన్నతల్లి ఆ నవ్వు ఎట్లా వినిందో” అని కళ్ళు తుడుచుకున్నారు. తెల్లవాళ్ళకు మన మనుషుల ప్రాణమంటే లెక్కలేదన్నారు. ఆ కోపం న్యాయమైనది. నేనూ ఆ కోపంలో ఉన్నదాన్నే.

అయితే మీటింగు అయిపోయి ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ఒక మనిషిని చూడగానే ఇంత విలువ అని తూకం వేసి, ఆ తూకాన్ని బట్టి నడుచుకోవడం సియాటిల్ పోలీసులకే తెలిసిన విద్యా? మన ఊరి స్టేషన్లో ఏ తక్కెడ ఉంది? ఇంకా కష్టమైన ప్రశ్న ఏమిటంటే, మన చేతిలో, మన సంఘాల చేతిలో ఏ తక్కెడ ఉంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. నంద్యాల మాకు బస్సులో ముప్పావు గంట ప్రయాణం. అక్కడ అబ్దుల్ సలాం అనే మనిషి ఒక నగల దుకాణంలో పనిచేసేవాడు. 2019లో ఆ దుకాణంలో బంగారం పోయిందన్న కేసులో అతన్ని అరెస్టు చేశారు. జైలుకు పోయి బెయిలు మీద బయటికొచ్చి ఆటో నడుపుకుంటున్నాడు. 2020లో తన ఆటో ఎక్కిన ప్రయాణికుడి డబ్బు పోయిందన్న ఫిర్యాదు వస్తే పోలీసులు మళ్ళీ అతన్నే పిలిచారు. 2020 నవంబర్ 3న అతనూ, భార్య నూర్జహానూ, బడికి పోయే వయసున్న ఇద్దరు బిడ్డలూ పాణ్యం దగ్గర కౌలూరు వద్ద రైలు పట్టాల మీద ప్రాణాలు తీసుకున్నారు. తను ఏ దొంగతనమూ చేయలేదనీ, పోలీసుల వేధింపు ఇక భరించలేననీ, తమకు సాయం చేసేవాళ్ళు ఎవరూ లేరనీ అతను చెప్పిన వీడియో కొద్దిరోజులకు బయటికొచ్చింది. అప్పుడు రాష్ట్రమంతా కదిలింది. ఒక సి.ఐ., ఒక హెడ్ కానిస్టేబుల్ సస్పెండయ్యారు, అరెస్టయ్యారు. వాళ్ళకు వెంటనే బెయిలు కూడా దొరికింది.

ఆ వీడియో లేకపోతే ఏమయ్యేది? “దొంగతనం బయటపడుతుందని కుటుంబంతో సహా చచ్చిపోయినాడు” అని ఒక మూల వార్త వచ్చి ఉండేది. మనం చదివి పేజీ తిప్పేవాళ్ళం. అదే ఏడు మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపిన సంగతి ప్రపంచానికి తెలిసింది కూడా, అక్కడ నిలబడి ఫోనులో తీసిన 17 ఏళ్ళ నల్లజాతి అమ్మాయి వల్లనే. ఫ్లాయిడ్ మీద వచ్చిన ఫిర్యాదు, దొంగ ఇరవై డాలర్ల నోటు ఇచ్చాడని. బొమ్మ ఉంటే నమ్ముతాం. బొమ్మ లేని చోట పోలీసులు చెప్పిందే నిజమవుతుంది.

మన దగ్గర ఇంకొక సంగతి ఉంది. సలాం కుటుంబం గురించి మాట్లాడిన ప్రతివాళ్ళూ “పాపం, అమాయకుడు” అన్నారు. నేనూ అన్నాను. ఇప్పుడు ఆ మాట నా గొంతులో ముల్లులా ఉంది. అమాయకుడు కాకపోతే? నిజంగా తీసి ఉంటే? అప్పుడు వేధించడం న్యాయమయ్యేదా? దొంగతనానికి శిక్ష వేయాల్సింది కోర్టు. కొట్టమని, తిట్టమని, మళ్ళీ మళ్ళీ పిలిపించి మనిషిని నలిపేయమని ఏ చట్టంలోనూ లేదు. కానీ మనం జాలిపడే ముందు కూడా మనిషి మంచివాడని సర్టిఫికెట్ అడుగుతున్నాం. పోలీసులు అడిగేదీ అదే.

నేను ఈ మాట ఎవర్నో వేలెత్తి చూపడానికి రాయటం లేదు. నా తప్పు ఒకటి చెప్పుకోవాల్సి ఉంది.

కొన్నేళ్ళ కిందట మా నల్లమల కింది ఊళ్ళలో ఒక తిరునాళ్ళకు పోయాను. ఏ ఊరో, ఏ స్టేషనో ఇక్కడ రాయను. రాస్తే ఆ ఆడవాళ్ళకే మళ్ళీ కబురొస్తుంది. స్నానాల దగ్గర ఎవరిదో గొలుసు పోయిందని గోల లేచింది. చేటలు, తట్టలు అమ్ముకోవడానికి వచ్చిన ఇద్దరు ఎరుకల ఆడవాళ్ళను, అత్తాకోడళ్ళను, పోలీసులు జీపెక్కించారు. కోడలి చంకలో ఏడాది నిండని బిడ్డ ఉంది. అంత జనంలో వాళ్ళిద్దర్నే ఎందుకు పట్టుకున్నారో ఎవరూ అడగలేదు. బుగ్గలూ పీపీలూ అమ్మే అంగడామె నా దగ్గరకొచ్చి, “నువ్వు సంఘం మనిషివి గదమ్మా, పొయ్యి అడుగు” అంది. అప్పటికే పొద్దు గూకింది.

నేను స్టేషన్‌కు పోయేసరికి వాళ్ళు గోడవార నేల మీద కూర్చుని ఉన్నారు. ఆడ కానిస్టేబుల్ ఎవరూ కనపడలేదు. నన్ను చూడగానే ఒకాయన కుర్చీ జరిపి “కూచోండి మేడం” అన్నాడు. అదే నోటితో ఆ పిల్లవైపు తిరిగి “ఏమే, బిడ్డ నోరు మూయించు” అన్నాడు. ఎందుకు తెచ్చారని అడిగితే, “మీకు తెలీదు మేడం, వీళ్ళు ఎరికిలోళ్ళు. తాతల కాలం నుంచీ ఇదే పని” అన్నాడు. సాక్షి లేడు. గొలుసు దొరకలేదు. ఫిర్యాదు కాగితమూ లేదు. కులం ఒక్కటే సాక్ష్యం.

నేను ఆయనతో వాదించాల్సింది. కానీ మొదట చేసిన పని అది కాదు. ఆ కోడల్ని పక్కకు పిలిచి, మెల్లగా, ఎంతో ప్రేమగా, “నిజం చెప్పమ్మా, తీశావా?” అని అడిగాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, “తీసినా అనుకో. అప్పుడు నువ్వు ఎల్లిపోతావా అమ్మా?” అంది.

నా దగ్గర జవాబు లేదు. నిజంగా వెళ్ళిపోయేదాన్నేమో. ఆ కానిస్టేబుల్ కులం చూసి దొంగ అన్నాడు. నేను దొంగ కాదని తేలితేనే మనిషి అన్నాను. ఇద్దరి మధ్యా తేడా కొంచెమే.

రాత్రి తొమ్మిది దాటాక వదిలారు. వదిలే ముందు ఇద్దరికీ ఫోటోలు తీశారు, వేలిముద్రలు వేయించుకున్నారు. అరెస్టు చూపలేదు, కేసు రాయలేదు, కానీ ముద్రలు మాత్రం తీసుకున్నారు. ఏ అధికారంతో అని అడగాలని నాకు ఇంటికొచ్చాక తోచింది. తట్టలు, చేటలు ఏమయ్యాయో తెలీదు. “అవన్నా ఇప్పియ్యమ్మా, అమ్ముకోకపోతే రేపు తినేదానికి లేదు” అని ఆ అత్త బస్టాండు దాకా అడుగుతూనే వచ్చింది. గొలుసు దొరికిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ కానిస్టేబుల్ అన్న “తాతల కాలం నుంచీ” అనే మాటలో ఒక చరిత్ర ఉంది. కాకపోతే అది దొంగతనాల చరిత్ర కాదు, చట్టం చరిత్ర. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఒక కులంలో, ఒక తెగలో పుట్టడమే నేరం. ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే ఎరుకలవాళ్ళ బతుకును రైళ్ళూ ఉప్పు పన్నులూ దెబ్బకొట్టాయి. ఆ తర్వాత వాళ్ళ తిరుగుడునే నేరంగా రాశారు. పేర్లు రిజిస్టరుకెక్కించి, వేలిముద్రలు తీసుకుని, వేళకు వచ్చి హాజరు వేయించుకోమన్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా పుట్టిన సెటిల్మెంటే. మన కర్నూలు జిల్లాలో ఆత్మకూరు వైపు సిద్ధాపురంలోనూ ఒక సెటిల్మెంటు ఉండేది. బిడ్డల్ని తల్లుల నుంచి వేరుచేసి ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. ఆ రోజుల్లో తల్లుల గోడు రాసినవాళ్ళెవరు?

దేశమంతటా ఈ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. మద్రాసు రాష్ట్రంలో అంతకు ముందే, 1947లోనే రద్దు చేశారు. ఆ మరుసటేడే అలవాటు నేరస్థుల పేరుతో మరో చట్టం తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అదే పేరుతో చట్టం చేశారు. తెగ పేరు పోయి మనిషి పేరు వచ్చింది. కానీ ఆ రిజిస్టర్లు రాసే చేతులకు ఎవరి పేరు రాయాలో ముందే తెలుసు. మనం పిల్లల్ని “కేడీ” అని తిడతాం. అది పోలీసు రిజిస్టరులో పాత నేరస్థుడికి రాసే రెండు ఇంగ్లీషు అక్షరాలు. పోలీసుల భాష మన ఇళ్ళలోకి ఎంతగా వచ్చిందో చూడండి.

జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ అలవాటు నేరస్థుల చట్టాలు తీసేయమని 2000లో చెప్పింది. ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2007లో మన ప్రభుత్వానికి ఇదే సిఫారసు చేసింది. కులం వేరు, జాతి వేరు అని మన ప్రభుత్వాలు ఎంత వాదించినా, పుట్టుకను బట్టి మనిషిని అనుమానించడం జాతి వివక్ష లాంటిదేనని ఆ కమిటీ అభిప్రాయం. నల్లగా ఉన్నందుకు అక్కడ కారు ఆపుతారు. ఎరుకలామె అయినందుకు ఇక్కడ తిరునాళ్ళలో జీపెక్కిస్తారు. రెండింటికీ పేర్లు వేరైనా పద్ధతి ఒకటే.

ఆడవాళ్ళ విషయానికొచ్చేసరికి ఈ అనుమానం రెండింతలవుతుంది. దొంగ అనే ముద్రకు చెడిపోయింది అనే ముద్ర తోడవుతుంది. 1978 మార్చి నెలాఖరున హైదరాబాదు నల్లకుంట స్టేషన్లో రమీజాబీ మీద అత్యాచారం చేసి, ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపిన ఘటన మన ఉద్యమానికి తెలిసినదే. రమీజాబీ మన నందికొట్కూరు మనిషి. రాత్రి సినిమా చూసి మొగుడితో ఇంటికి పోతున్న ఆడమనిషిని పట్టుకుని, ఆమె వ్యభిచారి అన్నారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు రాయచూరు కోర్టుకు మారింది. అక్కడ వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ విచారణంతా ఆమెకు ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయి, ఆమె ఎట్లాంటిది అనే దాని చుట్టూనే తిరిగింది. మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ పిల్ల విషయంలో 1978లో సుప్రీంకోర్టు కూడా ఆ దారే పట్టింది. ఆ తీర్పు మీద దేశమంతా స్త్రీలు కదిలితేనే 1983లో చట్టం మారింది. బాధితురాలి నడవడి ఎత్తి చూపి సాక్ష్యాన్ని కొట్టేసే వీలు చట్టంలోంచి పోవడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

చట్టం మారింది గదా అంటారేమో. 2007 ఆగస్టు 20న విశాఖ జిల్లా వాకపల్లిలో తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. విచారణ మొదలు కావడానికే ఏళ్ళు పట్టింది. 2023 ఏప్రిల్లో కోర్టు నిందితులందర్నీ వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెబుతూ, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. ఇన్నేళ్ళూ ఆ స్త్రీలు మాట మార్చలేదు. దర్యాప్తు చేసినవాళ్ళే సరిగ్గా చేయలేదు. 2021 జూన్‌లో తెలంగాణలో అడ్డగూడూరు పోలీసులు డబ్బు దొంగతనం అనుమానం మీద తెచ్చిన దళిత స్త్రీ మరియమ్మ, ఆ కస్టడీలోనే చనిపోయింది. హైకోర్టు శవాన్ని బయటికి తీయించి మళ్ళీ పోస్టుమార్టం చేయమంది. ఎస్.ఐ.నీ ఇద్దరు కానిస్టేబుళ్ళనూ ఉద్యోగం నుంచి తీసేశారు. ఈ ఆడవాళ్ళందర్నీ వరసగా తలుచుకోండి. ముస్లిం, ఆదివాసీ, దళిత. యాదృచ్ఛికమని ఎవరైనా అనగలరా?

పోలీసుల వైపు నుంచి ఒక మాట ఉంది, దాన్ని దాటవేయకూడదు. తిరునాళ్ళలో గొలుసులు పోతాయి, పోయినామె కూడా ఆడమనిషే, ఆమె కూడా కూలి చేసి కొనుక్కుని ఉండొచ్చు. పాతవాళ్ళను అడగకుండా నేరం ఎట్లా పట్టుకుంటామని వాళ్ళంటారు. నాలుగు రోజులు నిద్ర లేకుండా బందోబస్తు చేసే కానిస్టేబుల్ కూడా పేదింటి బిడ్డే, నిజమే. అడగొద్దని ఎవరన్నారు? ఆధారం ఉంటే నోటీసు ఇచ్చి అడగొచ్చు, కేసు రాసి అరెస్టు చేయొచ్చు. కులం ఆధారం కాదు. పాత కేసు కొత్త కేసుకు రుజువు కాదు. పైగా అందరూ అనుమానించేవాళ్ళనే పట్టుకుని కూర్చుంటే అసలు తీసినవాడు బస్సెక్కి పోతాడు. గొలుసు పోయినామెకు కూడా అది అన్యాయమే.

ఈ మధ్య సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది, మనం వాడుకోవాలి. వెనుకబడిన కులాల, తెగల మనుషుల మీద కేవలం పుట్టుకను బట్టి హిస్టరీ షీట్లు తెరుస్తున్నారన్న విషయాన్ని 2024 మేలో గుర్తించి, ఆ పద్ధతిని సరిచూసుకోమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. 2024 అక్టోబర్ 3న, ఒక మహిళా జర్నలిస్టు వేసిన కేసులో, జైళ్ళ నిబంధనల్లో కులాన్ని బట్టి పని పంచడాన్నీ, విముక్త తెగలవాళ్ళను పుట్టు నేరస్థులుగా చూసే రాతల్నీ కొట్టేసింది. కాగితం మీద ఇవి పెద్ద గెలుపులు. అవి మన మండలం స్టేషన్ దాకా నడిచి రావాలంటే ఎవరో ఒకరు చేయిపట్టి తీసుకురావాలి.

ఆ పని మన సంఘాలదే. కానీ ఇక్కడే మనల్ని మనం చూసుకోవాలి. సారా ఉద్యమంలో మనం స్టేషన్ల ముందు కూర్చున్నాం, వరకట్న చావుల్లో కేసులు రాయించాం. ఎవరి కోసం? మా మండలం సంఘం రిజిస్టరు తీసి చూశాను. ఎరుకల ఆడవాళ్ళు ఇద్దరు. చెంచు గూడేల నుంచి ఒక్కరూ లేరు. సుగాలి తండాల నుంచి, ముస్లిం పేటల నుంచి అప్పులకు వస్తారు, కమిటీలో లేరు. మొగుడు దొరక్కపోతే పెళ్ళాన్నో తల్లినో తెచ్చి స్టేషన్లో కూర్చోబెట్టే దురాచారం ఎక్కువగా వాళ్ళ ఇళ్ళల్లోనే జరుగుతుంది. కొట్టే మొగుడి మీద ఫిర్యాదు ఇవ్వడానికి వాళ్ళు స్టేషన్‌కు రారు. వస్తే తమనే లోపల వేస్తారని భయం. గృహహింస కేసులు ఆ పేటల నుంచి తక్కువగా వస్తున్నాయంటే హింస తక్కువని కాదు. పోలీసు వివక్ష స్త్రీల సమస్య కాదు, అది హక్కుల సంఘాలు చూసుకుంటాయి అని మనలో కొందరు అంటుంటారు. వాళ్ళకు నా జవాబు ఇదే.

మా సంఘంలో చాలా వాదించుకుని కొన్ని నిర్ణయాలు చేసుకున్నాం. ఆడమనిషిని స్టేషన్‌కు తెచ్చారని కబురొస్తే ఇద్దరం వెంటనే పోవాలి. ఎన్నింటికి తెచ్చారో, ఆడ పోలీసు ఉందో లేదో, కేసు రాశారో లేదో రాసుకోవాలి. పొద్దు గూకాక, పొద్దు పొడవక ముందు ఆడమనిషిని అరెస్టు చేయకూడదనీ, తప్పని పరిస్థితి అయితే మహిళా అధికారే మేజిస్ట్రేటు అనుమతితో చేయాలనీ 2005 సవరణ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ అది ఉంది. సాక్షిగా అడగాలన్నా ఆడవాళ్ళను స్టేషన్‌కు రప్పించకూడదు, ఉన్నచోటికే వచ్చి అడగాలి. స్టేషన్లలో కెమేరాలు ఉండాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజు కెమేరా పనిచేసిందా అని లిఖితపూర్వకంగా అడగాలి. సమాచార హక్కు కింద మన స్టేషన్లో అనుమానితుల షీట్లు ఎన్ని ఉన్నాయో, 2024 తర్వాత ఎన్నిటిని తిరగదోడారో అడగాలి.

అన్నిటికంటే ముందు పెట్టుకున్న నిర్ణయం మాత్రం చట్టానికి సంబంధించింది కాదు. స్టేషన్లో ఉన్న ఆడమనిషిని “తీశావా?” అని మనం అడగకూడదు. ఆ ప్రశ్న అడగడానికి పోలీసులున్నారు, కోర్టుంది. మనం అడగాల్సినవి వేరే: ఎప్పుడు తెచ్చారమ్మా? కొట్టారా? బిడ్డకు పాలిచ్చావా? ఇంటికి ఎవరికి కబురు చెప్పాలి? ఈ నిర్ణయం మీదే మా సంఘంలో ఎక్కువ గొడవ జరిగింది. దొంగల్ని వెనకేసుకొస్తామా అని ఇద్దరు సభ్యులు లేచిపోయారు. వాళ్ళు తిరిగి వస్తారనే అనుకుంటున్నాను, వాళ్ళ ఇళ్ళకు రెండుసార్లు పోయి వచ్చాను.

జాహ్నవి విలువ ఇంతేనని తేల్చిన నవ్వు మీద మనకు కోపమొచ్చింది. ఆ కోపం ఆదోని దాకా వచ్చి ఆగిపోకూడదు. తిరునాళ్ళలో తట్టలు పోగొట్టుకున్న ఆ అత్తాకోడళ్ళ దాకా రావాలి. ఆ మరుసటేడు తిరునాళ్ళలో వాళ్ళ కోసం వెతికాను. రాలేదు. అంగడామెను అడిగితే, “ఇంగేం వస్తారమ్మా” అంది.

మీ మండలాల్లో సంగతులు ఎట్లా ఉన్నాయో, మీ సంఘాలు ఏం చేస్తున్నాయో ఈ పత్రికకు రాయండి. ఆడవాళ్ళ పేర్లు, ఊళ్ళు మాత్రం రాయకండి.